దేశాలు తిరిగే జీవితం: కలకీ బతుకుదెరువుకీ మధ్య

చదువు పూర్తి కావస్తున్న వయసులో చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ఒకే ఉద్యోగం, ఒకే ఇల్లు అంటూ కట్టుబడిపోకుండా దేశాలు తిరుగుతూ బతకాలని. ఇంట్లో ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు దాదాపు అందరికీ తెలిసిందే: ముందు సెటిల్ అవ్వు, తిరగడానికి జీవితమంతా ఉంది. అక్కడితో మాట ఆగిపోతుంది. తమని ఎవరూ అర్థం చేసుకోవడం లేదని పిల్లలు ముడుచుకుపోతారు, వీళ్లకి బాధ్యత ఎప్పుడు తెలుస్తుందో అని పెద్దలు టెన్షన్ పడతారు. అసలు ఆ జీవితం ఎలా నడుస్తుంది, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ అడ్డం పడుతుంది అన్న లెక్క మాత్రం ఇద్దరిలో ఎవరూ వేయరు. ఆ లెక్క వేస్తే కల చిన్నబోతుందనుకోవడం పొరపాటు. వేయకపోవడం వల్లే చాలా కలలు మొదటి ఆరు నెలల్లో చేతిలో డబ్బుతో పాటే అయిపోతున్నాయి.

ముందు కోరికనే కాస్త విప్పి చూడాలి. ఎక్కడెక్కడికి వెళ్లాలనుంది అని అడిగితే నాలుగైదు పేర్లు చెప్పి ఆగిపోతారు. అక్కడ రోజు ఎలా గడుస్తుందనుకుంటున్నావు అని అడిగితే మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అలారం ఉండదు, ఎన్నింటికి వస్తావని అడిగేవాళ్లు ఉండరు, పక్కింటివాళ్ల అబ్బాయి ప్యాకేజీతో పోల్చేవాళ్లు ఉండరు, నచ్చిన వేళ నచ్చిన పని చేసుకోవచ్చు. అంటే ఇందులో రెండు కోరికలు ముడిపడి ఉన్నాయి. లోకం చూడాలన్నది ఒకటి. తన సమయం తన చేతిలో ఉండాలన్నది రెండోది. మొదటిది ప్రయాణంతో తీరుతుంది. రెండోది డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. సరిహద్దు దాటినంత మాత్రాన అది తీరదు. ఇంట్లో ఊపిరి సలపక బయటపడాలనుకునేవాళ్ల కోరిక వీటికి తోడు మూడోది. వాళ్లకి ప్రపంచయాత్ర కంటే ముందు పక్క ఊళ్లో ఒక గది, సొంత జీతం చాలా మేలు చేస్తాయి. ఆ అవసరాన్ని ప్రయాణం పేరుతో కప్పిపెట్టుకోవడం వాళ్లకే నష్టం.

ఈ కలని చివరంటా బతికి చూపినవాళ్లు ఉన్నారు. జర్మనీలోని హోవెల్‌హోఫ్‌కు చెందిన హైంజ్ ష్టూకె ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే పని నేర్చుకున్నాడు. 1962లో, 22 ఏళ్ల వయసులో, మూడు గేర్ల సైకిల్ ఒకటి తీసుకుని బయల్దేరాడు. మళ్లీ ఆ ఫ్యాక్టరీ జీవితంలోకి వెళ్లాల్సి వస్తుందన్న భయమే తనని ముందుకు తోసిందని తర్వాత చెప్పుకున్నాడు. యాభై ఏళ్లకు పైగా తిరిగాడు. 6 లక్షల కిలోమీటర్లకు పైగా సైకిల్ తొక్కాడు. సైకిల్ పలుమార్లు దొంగల పాలైంది. చివరికి సొంత ఊళ్లో స్థిరపడింది 2014లో. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ఇన్నేళ్లు ఆయన ఏం తిని బతికాడన్నది ఇంకా ముఖ్యం. తన యాత్ర గురించి చిన్న పుస్తకాలు అచ్చు వేయించి, దారిలో కలిసినవాళ్లకి అమ్ముకున్నాడు. తీసిన ఫొటోలు అమ్ముకున్నాడు. కొత్త ఊరికి వచ్చినప్పుడల్లా పరిచయం లేని మనిషిని ఆపి, అదే కథ మొదటి నుంచి చెప్పి, ఆ చిన్న పుస్తకం చేతిలో పెట్టడమంటే అది పూర్తిస్థాయి ఉద్యోగమే. ఫ్యాక్టరీ మీద అయిష్టంతో వెళ్లిన మనిషి పని నుంచి తప్పించుకోలేదు. ఎవరి కింద చేయాలి, ఏ వేళ చేయాలి అన్నవి మాత్రం తన చేతిలోకి తెచ్చుకున్నాడు. తిరుగుతూ బతకాలనుకునేవాళ్లు ఆయన్నుంచి నేర్చుకోవలసింది ఆ కిలోమీటర్ల కంటే ఈ ఏర్పాటునే.

ఇంకా వెనక్కి వెళ్తే ఇబ్న్ బతూతా కనిపిస్తాడు. 1325లో 21 ఏళ్ల వయసులో మొరాకోలోని టాంజియర్ నుంచి మక్కా యాత్రకని బయల్దేరి, దాదాపు 30 ఏళ్ల పాటు తిరిగాడు. ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి ఇస్లామిక్ న్యాయశాస్త్రం చదువు. ఆ చదువుకి ఎన్నో రాజ్యాల్లో గిరాకీ ఉండేది కాబట్టి ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీ అయ్యాడు, మాల్దీవుల్లోనూ ఖాజీగా పనిచేశాడు. అయితే ఢిల్లీ కొలువు ఆయనకి సంపదతో పాటు సంకెళ్లూ తెచ్చింది. అప్పుల్లో కూరుకుపోయాడు, సుల్తాన్‌కి అనుమానం వచ్చి కాపలా పెట్టించాడు. చివరికి చైనాకి రాయబారిగా పంపడంతో అక్కడి నుంచి బయటపడ్డాడు. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగిన మనిషికి కూడా ఒక్క యజమాని మీదే పూర్తిగా ఆధారపడిన రోజున కదలడానికి వీల్లేకపోయింది.

చేతిలో పని పట్టుకుని తిరగడాన్ని ఒక పద్ధతిగా మలిచినవాళ్లు జర్మన్ మాట్లాడే ప్రాంతాల వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, పైకప్పులు వేసేవాళ్లు. పని నేర్చుకోవడం పూర్తయిన కుర్రవాళ్లు, ఈ కాలంలో అమ్మాయిలు కూడా, మూడేళ్ల ఒక రోజు పాటు ఊళ్లు తిరుగుతూ పని చేస్తారు. మధ్యయుగాల నాటి ఈ ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. నల్లటి కార్డురాయ్ బట్టలు, వెడల్పు అంచు టోపీ, భుజాన మూట, చేతిలో వంకర కర్ర. చూడగానే ఎవరో తెలిసిపోతుంది. వీళ్ల నియమాలు ఒక్కొక్కటే చూస్తే ఈ కల గురించి ఎంత ఆలోచించి పెట్టారో అనిపిస్తుంది. పెళ్లి కాకూడదు, పిల్లలు ఉండకూడదు, అప్పు ఉండకూడదు. వయసు సాధారణంగా 30 దాటకూడదు. సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. ఒకే చోట కొన్ని నెలలకు మించి ఉండకూడదు. మొబైల్ వెంట ఉండకూడదు. నడిచో, దారిన పోయే బండి ఆపి అడిగి ఎక్కో వెళ్లాలి. 5 యూరోలతో బయల్దేరి, మూడేళ్ల తర్వాత దాదాపు అంతే డబ్బుతో తిరిగి రావాలన్న ఆనవాయితీ కూడా ఉంది. తిరగడం సంపాదన కోసమూ కాదు, ఉన్నదంతా ఊడ్చేసుకోవడానికీ కాదు అని దాని ఉద్దేశం.

ఆ నియమాల్లో అందరికీ పనికొచ్చేవి రెండున్నాయి. అప్పు ఉన్నవాడిని పంపకపోవడం మొదటిది. నెలనెలా కట్టాల్సిన వాయిదా మెడ మీద ఉంటే, ఎక్కడ తిరుగుతున్నా ఆ తేదీనే క్యాలెండర్‌ని నడిపిస్తుంది. కొత్తవాడిని ఒంటరిగా పంపకపోవడం రెండోది. అప్పటికే తిరుగుతున్న అనుభవజ్ఞుడు ఒకరు ఇంటికొచ్చి వెంట తీసుకెళ్తారు. మొదటి వారాల్లో పని ఎలా అడగాలో, రాత్రికి చోటు ఎలా చూసుకోవాలో దగ్గరుండి నేర్పుతారు. ఇంత స్వేచ్ఛనిచ్చే పద్ధతి ఇంత జాగ్రత్తగా మొదలవుతుందంటే, ఉద్యోగానికి రాజీనామా చేసి మర్నాడే విమానం ఎక్కమనే సలహాలు ఎంత బాధ్యత లేనివో అర్థమవుతుంది.

చేతిలో పని ఉన్నా అనుమతి కావాలి. కలలో ఎప్పుడూ కనిపించని భాగం ఇదే. వన్ వే టికెట్‌తో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకి ఏం జరుగుతుందో చూడండి. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి పాస్‌పోర్ట్ తెరిచి గడువు తేదీ చూస్తారు. చాలా దేశాలకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తర్వాత వీసా పేజీ. ఆ తర్వాత రిటర్న్ టికెట్ ఉందా, లేకపోతే అక్కడి నుంచి మరో దేశానికి టికెట్ ఉందా అని అడుగుతారు. ఆయన ముందున్న తెర మీద టిమాటిక్ అనే వ్యవస్థ నుంచి వచ్చిన సమాచారం ఉంటుంది. ఏ పాస్‌పోర్ట్‌తో ఏ దేశంలోకి వెళ్లాలంటే ఏమేం కావాలో అందులో ఉంటుంది. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ దాన్ని నడుపుతోంది. ప్రయాణికుడిని ఆ దేశం లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకొచ్చే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే, చాలా దేశాలు పైగా జరిమానా కూడా వేస్తాయి. అందుకే ఎప్పుడు తిరిగొస్తావన్న ప్రశ్న వద్దనుకుని ఇల్లు దాటిన మనిషికి మొదట ఎదురయ్యేది మళ్లీ అదే ప్రశ్న.

ఎప్పుడూ ఇలా లేదు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు యూరప్‌లో చాలా సరిహద్దులు పాస్‌పోర్ట్ లేకుండానే దాటేవారు. యుద్ధంతో తనిఖీలు వచ్చాయి, నానాజాతి సమితి ఆధ్వర్యంలో 1920లో పారిస్‌లో జరిగిన సమావేశం పాస్‌పోర్ట్‌కి ఒక ప్రామాణిక రూపం సూచించింది, తర్వాత అది శాశ్వతమైపోయింది. ఇప్పుడు ఏ దేశంలో పుట్టారన్నదే ఎంత దూరం తిరగగలరో చాలావరకు నిర్ణయిస్తోంది. ఒకరు పాస్‌పోర్ట్ చూపించి నడిచి వెళ్లిపోయే చోటికి, మరొకరు బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, ఉద్యోగ ధ్రువపత్రాలు పట్టుకుని వారాల తరబడి ఎదురు చూడాలి. ఇది అన్యాయం, ఇందులో రెండో మాట లేదు. బలమైన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు చెప్పే 'సంచి సర్దుకో, బయల్దేరు' అన్న సలహా వినేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి. ఆ మాట వాళ్ల విషయంలో నిజమే కావచ్చు, వినేవాళ్లందరి విషయంలో కాదు.

గడువుల సంగతి కూడా తెలియాలి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల్లో పర్యాటకులుగా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, అన్ని దేశాలకీ కలిపి ఒకటే లెక్క. ఒక దేశం నుంచి పక్క దేశానికి మారితే లెక్క మళ్లీ మొదలవుతుందనుకుని చిక్కుల్లో పడేవాళ్లు ఉన్నారు. ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటూ తిరిగేవాళ్ల కోసం 2020 నుంచి ప్రత్యేక వీసాలు వచ్చాయి. ఎస్టోనియా, బార్బడోస్ ఆ ఏడాదే మొదలుపెట్టాయి, పోర్చుగల్ 2022లో, స్పెయిన్ 2023లో తెచ్చాయి. అయితే వీటిలో చాలావాటికి నెల ఆదాయం చూపించాలి. పోర్చుగల్ అయితే ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్లు అడుగుతుంది. అప్పుడే చదువు ముగించినవాళ్లలో అంత చూపించగలిగేది ఏ కొద్దిమందో. అంటే ఈ తలుపులు తెరుచుకున్నది కల కంటున్నవాళ్ల కోసం కంటే, అప్పటికే బాగా సంపాదిస్తున్నవాళ్ల కోసం.

యువత కోసమే తెరిచిన తలుపు ఇంకొకటుంది, దానికి గడువు వయసు. ఆస్ట్రేలియా 1975లో మొదలుపెట్టిన వర్కింగ్ హాలిడే వీసా లాంటివి ఇప్పుడు చాలా దేశాల మధ్య ఉన్నాయి. ఒక ఏడాది అక్కడ ఉండి, తిరుగుతూ, ఖర్చులకి పని కూడా చేసుకోవచ్చు. కానీ వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, కొన్ని దేశాలవాళ్లకి 35 దాకా. తమ దేశానికి అలాంటి ఒప్పందం ఎవరితో ఉందో, ఏడాదికి ఎంతమందిని తీసుకుంటారో ముందే చూసుకోవాలి. 'తిరగడానికి జీవితమంతా ఉంది' అనే పెద్దల మాట సరిగ్గా ఇక్కడే తప్పుతుంది. సెటిల్ అయ్యాక అంటే, ఈ తలుపు మూసుకున్నాక. నలభై ఏళ్లకి వెళ్లడం వేరు, ఇరవై మూడేళ్లకి పొలంలో పండ్లు కోసి, ఎనిమిది మంది పడుకునే గదిలో నిద్రపోయి, వచ్చిన కూలీతో తర్వాతి ఊరికి వెళ్లడం వేరు. అది ఆ ఒళ్లు, ఆ వయసు మాత్రమే ఓర్చుకోగల జీవితం. కాబట్టి వాయిదా వేయడం ఖర్చు లేని పని అనుకోకూడదు.

రిమోట్ ఉద్యోగం గురించి రెండు మాటలు. దానివల్ల ప్రయాణం సాధ్యమవుతుంది, స్వేచ్ఛ వస్తుందో రాదో మాత్రం మీటింగుల వేళలు చెబుతాయి. ఆఫీసు ఒక ఖండంలో, మనిషి మరో ఖండంలో ఉంటే ఆ చోట పగలంతా నిద్ర, రాత్రంతా పని అవుతుంది. ఇంకో దేశంలో ఏడాదిలో 183 రోజులు దాటితే చాలాచోట్ల పన్ను కూడా అక్కడే కట్టాల్సి వస్తుంది, అందుకే ఎక్కడి నుంచైనా పని చేసుకోమన్న కంపెనీలు కూడా దేశం దాటతానంటే వెనక్కి తగ్గుతాయి. వీడియోలు తీసి దానిమీదే బతకాలనుకునేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. సూర్యోదయాన్ని చూడటానికి లేచిన మనిషి ముందు ట్రైపాడ్ సర్దుకోవాలి, చీకటి పడ్డాక ఎడిటింగ్‌కి కూర్చోవాలి. అది మంచి వృత్తే, ఇష్టం ఉన్నవాళ్లు చేయాలి. తీరికని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి మాత్రం అక్కడ తీరిక దొరకదు.

డబ్బు, వీసా కుదిరినవాళ్లని కూడా వెనక్కి తెచ్చేది ఒంటరితనం. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ముఖపరిచయం ఉన్న మనిషి మామూలు స్నేహితుడవడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, మంచి స్నేహితుడవడానికి 90 గంటలు, ఆప్తుడవడానికి 200 గంటలకు పైగా. వారానికో ఊరు మారేవాళ్లు ఏ మనిషితోనైనా ఆ మొదటి 50 గంటలు దాటడమే కష్టం. రోజూ కొత్త మనుషులు కలుస్తూనే ఉంటారు, ఏ ఊరు, ఎన్నాళ్లుంటావు, తర్వాత ఎక్కడికి అన్న మూడు ప్రశ్నలు అయిపోగానే ఎవరి దారి వారిది. జ్వరం వచ్చి పడుకున్న రోజున తలుపు తట్టి చూసేవాళ్లు ఉండరు.

ప్రయాణం మనిషిని మారుస్తుందన్న నమ్మకం మీద కూడా పరిశోధనలున్నాయి, వాటిని జాగ్రత్తగా చదవాలి. నెదర్లాండ్స్‌లో సుమారు 1,500 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవులకి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు మిగతావాళ్లకంటే సంతోషంగా కనిపించారు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. దీన్నిబట్టి ప్రయాణం వృథా అనడం తొందరపాటు. చదువు కోసం కొంతకాలం విదేశాల్లో ఉన్న జర్మన్ విద్యార్థుల మీద 2013లో వెలువడిన పరిశోధనలో, వాళ్లు కొత్త విషయాలకి మరింతగా మనసు తెరిచారని, మానసికంగా మరింత నిబ్బరం తెచ్చుకున్నారని తేలింది. అక్కడ కొత్తగా ఏర్పడ్డ స్నేహబంధాలే ఆ మార్పుకి చాలావరకు కారణం. హాజో ఆడమ్ అనే పరిశోధకుడి బృందం 2018లో ఇంకొంచెం ముందుకెళ్లింది. విదేశాల్లో జీవించినవాళ్లకి తామెవరన్నదాని మీద స్పష్టత పెరుగుతోంది. అయితే ఎన్ని దేశాల్లో ఉన్నారన్నది దాన్ని పెంచలేదు, ఎంతకాలం ఉన్నారన్నదే పెంచింది.

ఈ కల గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన విషయం ఇదేనని గట్టిగా చెప్పవచ్చు. యువత కోరుతున్నది, అంటే తానెవరో తెలుసుకోవడం, ఇంట్లో నేర్చుకున్నది ఏది తనది, ఏది తనది కాదో తేల్చుకోవడం, ఎక్కువ దేశాలు చుట్టినందువల్ల రాదు, కొన్నిచోట్ల ఎక్కువకాలం ఉంటే వస్తుంది. నెల రోజుల్లో పది ఊళ్లు చూడటంలో ఖర్చంతా టికెట్లకీ రాత్రి బసకీ పోతుంది. అదే నెలకి ఒక గది అద్దెకి తీసుకుంటే రోజు ఖర్చు బాగా తగ్గుతుంది, భాషలో నాలుగు మాటలు వస్తాయి, సందు చివర దుకాణం మనిషి గుర్తుపట్టి పలకరిస్తాడు, పని అడగడానికి ఒక ముఖం దొరుకుతుంది. లోకం చూడాలన్న కోరికా, సమయం చేతిలో ఉండాలన్న కోరికా రెండూ ఒకేచోట కలిసేది ఇలాంటి నిదానపు ప్రయాణంలోనే.

అమ్మాయిల విషయంలో లెక్క వేరు. తిరిగితే ఆడది చెడుతుందని, తిరగకపోతే మగాడు చెడతాడని సామెత కట్టిన సమాజపు చూపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ సామెత తప్పు, దాన్ని వదిలేయాలి. కానీ భద్రత కోసం వాళ్లు అదనంగా కట్టే ధర మాత్రం నిజం. అర్ధరాత్రి దిగే చవక బస్సు వదులుకుని పగటి రైలెక్కాలి, ఊరి చివర చవక గది వదులుకుని స్టేషన్ దగ్గర ఖరీదైన గది తీసుకోవాలి. అదే దారిలో అబ్బాయికి సరిపోయిన డబ్బు అమ్మాయికి సరిపోదు. ఈ తేడాని బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి. అలాగే తన జీతం మీదే ఇల్లు గడిచే పిల్లలకి, మంచం పట్టిన తల్లినో తండ్రినో చూసుకుంటున్నవాళ్లకి 'ధైర్యం ఉంటే చాలు' అని చెప్పడం క్రూరత్వం. వాళ్లలో లోటు ధైర్యం కాదు.

పెద్దలూ పిల్లలూ ఎలా మాట్లాడుకోవచ్చో లారా డెకర్ విషయం చూపిస్తుంది. 2009లో 13 ఏళ్ల ఈ డచ్ అమ్మాయి పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టివస్తానంది. అక్కడి కోర్టు ఆమెను పిల్లల సంరక్షణ అధికారుల పర్యవేక్షణలో పెట్టి ప్రయాణం ఆపించింది. ఆ తర్వాతి నెలల్లో ఆమె ఇంకా పెద్ద పడవ సిద్ధం చేసుకుంది, ప్రథమ చికిత్స నేర్చుకుంది, నిద్రలేమిని తట్టుకోవడంలో శిక్షణ తీసుకుంది. 2010 జులైలో కోర్టు పర్యవేక్షణ ఎత్తేసింది, ఆగస్టులో బయల్దేరింది, 2012 జనవరిలో 16 ఏళ్ల వయసులో యాత్ర ముగించింది. ఆ వయసులో పంపడం సబబేనా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది, వద్దు అన్న మాట చోట ఏమేం ఉంటే పంపవచ్చు అన్న జాబితా వచ్చి చేరడం. ఏ ఇంట్లోనైనా అలాంటి జాబితా రాసుకోవచ్చు: అప్పు తీరిందా, ఆరోగ్య బీమా ఉందా, ఎప్పుడైనా వెనక్కి రావడానికి టికెట్ డబ్బు విడిగా పెట్టారా, ఏ ఊరికెళ్లినా నాలుగు డబ్బులు తెచ్చే పని ఏదైనా చేతిలో ఉందా, ఎన్నాళ్లకోసారి ఫోన్ చేస్తారు.

మొదటిసారికి ఒకే చోటు, మూడు నెలలు, తిరిగొచ్చే తేదీ ఉన్న ప్రయాణం చాలు. సొంత దేశంలోనే భాష తెలియని మరో ప్రాంతమైనా పర్వాలేదు, వీసా గొడవ కూడా ఉండదు. మొదటి మూడు వారాలు అంతా బాగుంటుంది, వాటిని బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు. ఆరో వారం వచ్చేసరికి కొత్త పోతుంది. చూడాల్సినవి చూసేసి ఉంటారు, బట్టలు ఉతుక్కోవాలి, పని పూర్తి చేసి పంపాలి, మాట్లాడటానికి తెలిసిన మనుషులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ వారంలో రోజులు ఎలా గడిచాయో, ఎన్ని గంటలు పనికి పోయాయో, ఎంత ఖర్చయిందో రాసి పెట్టుకోవాలి. అలాంటి వారాలు ఏడాది పొడవునా గడపాలనిపిస్తే వర్కింగ్ హాలిడే వీసాకి దరఖాస్తు పెట్టవచ్చు. అనిపించకపోతే ఏటా ఒక పొడవాటి సెలవు దొరికే ఉద్యోగం వెతుక్కోవడం మంచిది.